చచ్చిన కాలేజీలో చదువు: బోస్టన్ నగరపు మ్యూజియములు

చెన్నపట్టణము చూడబోయిన మన పూర్వులు అక్కడి మ్యూజియమునకు ‘చచ్చిన కాలేజీ’ అనియు, జంతువులను పెంచు తోటకు ‘బ్రతికిన కాలేజీ’ అనియు పేర్లు పెట్టుకొన్నారు. ఆ మాటలు విని నాలుగక్షరములు నేర్చినవారు నవ్వుకొనెడివారు. కాని ఆ పేరు పెట్టిన పల్లెటూరివాని సూక్ష్మబుద్ధిని మెచ్చుకొనక తప్పదు. ప్రాణము లేని వస్తువులను వరుసగా పేర్చిన ఆ భవనమును అతడు కొట్టు అనలేదు, గిడ్డంగి అనలేదు, కాలేజీ అన్నాడు. అక్కడికి పోవుట చదువుకొనుటకే యని అతనికి తోచినది. నేడు చదువుకొన్న మనము మ్యూజియములకు పోవు తీరు చూచినచో, అతడు గ్రహించిన సంగతిని మనము మరచితిమా అను సందేహము కలుగును. గంటలో ముప్పది గదులు దాటుదుము. ప్రతి గదిలోను ఒక ఫొటో తీసికొందుము. బయటికి వచ్చి ‘చూచినాము’ అందుము. ఏమి చూచినారని ఇంటివద్ద పిల్లలడిగినచో చెప్పుటకు ఒక్క వస్తువైనను జ్ఞాపకముండదు.

మ్యూజియమును గ్రంథమువలె చదువవలెనని నా అభిప్రాయము. కావ్యమును పాఠము చెప్పునపుడు ఈ మాట ఎవరిది, ఎవరిని ఉద్దేశించి పలికినది, కవి ఏ విషయమున మౌనము వహించినాడు అని విద్యార్థులను ప్రశ్నింతుము గదా! వస్తువు నెదుట నిలిచినపుడును మూడు ప్రశ్నలు వేసికొనవచ్చును. ఇది ఎవరిది? ఇక్కడికి ఎట్లు వచ్చినది? దీని ప్రక్కన ఉండవలసినది ఏది లేకపోయినది? ఈ ప్రశ్నలకు వెనుదీయక సమాధానము చెప్పగల మ్యూజియమే చూడదగిన మ్యూజియము. భవనము ఎంత విశాలమైనది, అందలి వస్తువులు ఎన్ని కోట్లు ఖరీదు చేయును అనునవి తరువాతి మాటలు.

ఈ అభిప్రాయమును నిలుపుటకు అమెరికా దేశమందలి బోస్టన్ నగరమును ఉదాహరణముగా తీసికొనుచున్నాను. 1630లో స్థాపితమైన ఆ నగరము ఆ దేశపు స్వాతంత్ర్య సమరమునకు పుట్టినిల్లు. అంతేకాక నేడు మన విద్యార్థులు ఆ ప్రాంతపు విశ్వవిద్యాలయములకు పోవుచున్నారు. వారిని చూచుటకు తల్లిదండ్రులును పోవుచున్నారు. అక్కడ ఏమి చూడవలెనో చెప్పు పట్టికలు ఎన్నియైనను దొరకును. ఎట్లు చూడవలెనో చెప్పునవి అరుదు.

నగరపు నడిబొడ్డున కాలిబాటపై ఒక ఎఱ్ఱని గీత కనిపించును. కొన్నిచోట్ల రంగుతో గీచినది, కొన్నిచోట్ల ఇటుకలతో పరచినది. సుమారు రెండున్నర మైళ్లు సాగు ఆ గీత పదునాఱు చారిత్రక స్థలములను ఒకదానితో నొకటి కలుపును. దీనిని ‘ఫ్రీడమ్ ట్రెయిల్’, అనగా స్వాతంత్ర్యపు బాట, అని పిలుతురు. 1951లో విలియం స్కోఫీల్డ్ అను పత్రికా రచయిత చేసిన సూచననుండి ఇది పుట్టినది. దారి తెలియని పరదేశికి ఇంతకంటె సులభమైన మార్గదర్శి లేదు. అయితే గీత వెంట నడచువాడు గీత ఎటు తీసికొనిపోయిన అటే పోవును. అది తాకని చోట ఏమున్నదో అతనికి తెలియదు. ఈ చిన్న సంగతిని మనస్సున ఉంచుకొని నడక సాగింపవలెను.

ఆ బాటలో ‘ఓల్డ్ స్టేట్ హౌస్’ అను పాత ప్రభుత్వ భవనమున్నది. 1713లో కట్టినది. నేడు చుట్టును ఆకాశమంటు మేడలు నిలువగా వాటి నడుమ ఇది బొమ్మరిల్లువలె కనిపించును. దీని ఎదుట 1770 మార్చి 5వ తేదీన ఆంగ్ల సైనికులు గుమిగూడిన జనముపై కాల్పులు జరుపగా ఐదుగురు మరణించినారు. వారిలో క్రిస్పస్ అటక్స్ అను నల్లజాతివాడొకడు. స్వాతంత్ర్య ప్రకటనను 1776 జులై 18న ఈ భవనపు వసారానుండియే చదివి వినిపించినారు. ఇప్పుడిది మ్యూజియము.

కాల్పులు జరిగిన కొలది దినములకే పాల్ రివియర్ అను వెండిపనివాడు ఆ సంఘటనను చిత్రముగా చెక్కి అచ్చొత్తి అమ్మినాడు. ఆ చిత్రములో సైనికులు బారులు తీరి, అధికారి కత్తి ఎత్తి ఆజ్ఞ యీయగా, నిరాయుధులైన పౌరులపై ఒక్క పెట్టున కాల్చుచున్నట్లుండును. వాస్తవముగా ఆ రాత్రి జరిగినది తొక్కిసలాట, అరపులు, మంచుగడ్డలు విసరుట, గందరగోళములో పేలిన తుపాకులు. తరువాత దేశమునకు రెండవ అధ్యక్షుడైన జాన్ ఆడమ్సే న్యాయస్థానములో ఆ సైనికుల పక్షమున వాదించినాడు. ఎనిమిదిమందిలో ఆఱుగురు నిర్దోషులుగా విడుదలయినారు. పైగా రివియర్ చెక్కిన చిత్రమునకు మూలమైన రచన హెన్రీ పెల్హమ్ అను వేఱొక చిత్రకారునిది. నేటికిని పాఠ్యపుస్తకములలో పునర్ముద్రణము పొందుచున్న ఆ చిత్రము చరిత్రకు సాక్ష్యమే. కాని అది జరిగినదానికంటె చెప్పదలచినదానికి సాక్ష్యము. ‘ఇది ఎవరిది?’ అను మొదటి ప్రశ్న ఎంత అవసరమో చూపుటకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు.

ఆ రివియర్ నివసించిన ఇల్లు నగరమునకు ఉత్తర భాగమున నేటికిని ఉన్నది. సుమారు 1680లో కట్టిన కొయ్య ఇల్లది. అతడు దానిని 1770లో కొని 1800లో అమ్మివేసినాడు. ఆపైన ఆ ఇల్లు అద్దె గదులై, దుకాణములై, వలస వచ్చిన పేదలకు తలదాచుకొను తావై శిథిలమైనది. 1902లో కూలద్రోయుదురేమోయని భయపడి అతని వంశీకుడొకడు దానిని కొన్నాడు. 1908లో మ్యూజియముగా తెరచినారు. ఇరుకు గదులు, తక్కువ ఎత్తుగల పైకప్పు, పెద్ద పొయ్యి. మహాపురుషుని మందిరమును చూడబోయినవారు ఇంత చిన్న ఇల్లా యని ఆశ్చర్యపడుదురు. ఆ ఆశ్చర్యమే ఆ ఇంటి ప్రయోజనము.

ఏలననగా రివియర్‌ను మహాపురుషునిగా చేసినది ఒక పద్యము. 1775 ఏప్రిల్ 18వ తేదీ రాత్రి ఆంగ్లసేన బయలుదేరుచున్నదని చెప్పుటకు అతడు గుఱ్ఱముపై పోయిన మాట నిజమే. కాని ఎనుబదియైదేండ్ల తరువాత, 1860లో, లాంగ్‌ఫెలో మహాకవి వ్రాసిన గేయములో అతడొక్కడే పోయినాడు, చివరకు కాంకర్డ్ గ్రామమును చేరినాడు. చరిత్రలో విలియం డాస్ అనువాడు వేఱొక దారిని అదే వార్తతో పోయినాడు. శామ్యూల్ ప్రెస్కాట్ అను వైద్యుడు నడుమ కలిసినాడు. రివియర్ దారిలో పట్టుబడినాడు. కాంకర్డ్‌కు వార్త చేర్చినవాడు ప్రెస్కాట్. చర్చి గోపురముపై వెలిగించిన రెండు దీపములు ఆవలియొడ్డువారికి రివియర్ పంపిన గుర్తులు కాగా, గేయములో అతడే ఆవలియొడ్డున నిలిచి వాటికొఱకు ఎదురుచూచును. దేశము బానిసత్వ సమస్యపై రెండుగా చీలబోవుచున్న దినములలో ప్రజలను మేల్కొలుపుటకు కవి ఆ గేయమును వ్రాసినాడు. అతనికి కావలసినది ఒక్కడే వీరుడు. మిగిలిన ఇద్దరిని గేయము మరచినది. గేయమును వల్లించిన పిల్లలును మరచినారు.

కవిత్వమును పాఠము చెప్పి జీవించువాడను గనుక కవిత్వముపై నేరము మోపుట నా ఉద్దేశము కాదు. అదే నగరమున చార్ల్స్‌టౌన్ నౌకాశ్రయములో ‘కాన్‌స్టిట్యూషన్’ అను యుద్ధనౌక ఉన్నది. 1797లో నీటిలోనికి దించిన ఆ నౌక ఇప్పటికిని నౌకాదళపు పట్టికలో ఉండి నీటిపై తేలుచున్నది. 1830లో దానిని విరిచివేయబోవుచున్నారను వార్త విని ఆలివర్ వెండెల్ హోమ్స్ అను ఇరువదియొక్క ఏండ్ల యువకుడు ఒక చిన్న పద్యము వ్రాసి పత్రికకు పంపినాడు. జనము కదలినది, నౌక నిలిచినది. మరల 1920 ప్రాంతములలో అది శిథిలము కాగా దేశమందలి బడిపిల్లలు పైసలు పోగుచేసి మరమ్మతునకు సాయపడినారు. ఒక పద్యము ఒక మనిషి చరిత్రను మార్చినది, వేఱొక పద్యము ఒక నౌకను కాపాడినది. గేయము విని కదలిన హృదయము ఇంటిని చూచి ఒకసారి నిదానింపవలెను. అందుచేత ఆ రెండు స్థలములను ఒకే దినమున చూచుట మేలు.

ఇదే బాటలోని ‘ఓల్డ్ సౌత్’ సభామందిరము మన చరిత్రకు దగ్గఱి సంబంధము గలది. 1729లో కట్టిన ఈ ప్రార్థనామందిరములో 1773 డిసెంబరు 16న సుమారు ఐదువేలమంది చేరి, రేవులో నిలిచిన మూడు ఓడలలోని తేయాకును ఏమి చేయవలెనని తర్కించినారు. ఆ రాత్రియే మూడువందల నలువదికి పైగా పెట్టెలను సముద్రము పాలు చేసినారు. ఆ తేయాకు చీనాదేశమునుండి వచ్చినది. దానిని తెచ్చిన వర్తకులు ఈస్టిండియా కంపెనీవారు. అంతకు ఏడేండ్లకు ముందు, 1766లో, నిజాముతో సంధి చేసికొని మన ఉత్తర సర్కారులను కైవసము చేసికొన్నది ఆ కంపెనీయే. శ్రీకాకుళమునుండి గుంటూరు వఱకు గల మన సీమ ఏ వర్తకుల చేతిలో పడినదో ఆ వర్తకుల సరకునే బోస్టన్‌వారు నీటిలో కలిపినారు. తెలుగు విద్యార్థి ఆ మందిరములో నిలిచినపుడు ఈ సంగతి జ్ఞప్తికి రావలెను. 1876లో ఆ మందిరమును పడగొట్టుటకు వేలము వేయగా నగరపు స్త్రీలు ముందు నిలిచి దానిని కాపాడినారనుటయు మఱువరాదు.

ఆ మందిరమునకు వచ్చెడివారిలో ఫిలిస్ వీట్లీ అను యువతి ఒకతె. ఏడెనిమిదేండ్ల ప్రాయమున, 1761లో, పశ్చిమాఫ్రికానుండి ఓడలో తెచ్చి బోస్టన్‌లో అమ్మిన బానిస పిల్ల. ‘ఫిలిస్’ అనునది ఆమె పేరు కాదు, ఆమెను తెచ్చిన ఓడ పేరు. కొనినవారి ఇంట చదువు నేర్చి ఆంగ్లములో పద్యములు వ్రాసినది. 1773లో లండనులో ఆమె గ్రంథము అచ్చయినది. బానిస స్త్రీ ఇట్టి పద్యములు వ్రాయగలదని లోకము నమ్మదనుకొని, గవర్నరుతో సహా బోస్టన్ ప్రముఖులు పదునెనిమిదిమంది ఇవి ఆమె వ్రాసినవే యని సంతకములు చేసి ధ్రువపత్రము జతపఱచినారు. ఆ సంవత్సరాంతమున తేయాకు పెట్టెలు మోసికొనివచ్చిన ‘డార్ట్‌మౌత్’ ఓడలోనే ఆమె గ్రంథపు ప్రతులును వచ్చినవి. పెట్టెల కథ తెలియని పిల్లవాడు ఆ దేశములో లేడు. పుస్తకముల కథ తెలిసినవారు కొందఱే. మూడవ ప్రశ్న, లేనిదేది అను ప్రశ్న, ఇక్కడ పుట్టును. తేయాకు ఘట్టమును వేషములు ధరించి నటించి చూపు వినోద మ్యూజియమొకటి రేవులో ఉన్నది. అందులోని ఓడలు కొత్తవి; ఆనాటి పెట్టె యని చెప్పు కొయ్యపెట్టె ఒకటి మాత్రము పాతది. చిన్నపిల్లలకు అది వేడుక. పెద్ద తరగతుల విద్యార్థులకు నాటకము చూపుటకంటె ఓల్డ్ సౌత్ మందిరములో అరగంట మౌనముగా కూర్చుండబెట్టుట మేలని నేననుకొందును.

ఈ బాటమీదనే 1742లో పీటర్ ఫాన్యుల్ అను వర్తకుడు నగరమునకు కానుకగా ఇచ్చిన సభాభవనమున్నది. దానికి ‘స్వాతంత్ర్యపు ఊయల’ అని బిరుదు. ఆ వర్తకుని ధనములో బానిసల వ్యాపారము తెచ్చిపెట్టిన భాగము కలదు. ఊయల కట్టిన త్రాడు ఎవరి చేతులు పేనినవో బిరుదు చెప్పదు. ఆ సంగతి తెలియగోరువాడు ఎఱ్ఱగీతను విడిచి ‘బీకన్ హిల్’ అను మిట్ట ఎక్కి జాయ్ వీధికి పోవలెను. బోస్టన్‌లో ఒకే ఒక మ్యూజియము చూచుటకు వ్యవధి యున్నదని ఉపాధ్యాయుడెవరైన నన్నడిగినచో ఈ వీధినే చెప్పుదును.

అక్కడ 1806లో నల్లజాతివారు కట్టుకొన్న ‘ఆఫ్రికన్ మీటింగ్ హౌస్’ ఉన్నది. ఆ దేశములో నిలిచియున్న నల్లజాతివారి ప్రార్థనామందిరములలో ఇదియే ప్రాచీనమైనది. 1832 జనవరిలో విలియం లాయిడ్ గారిసన్ ప్రభృతులు బానిసత్వ నిర్మూలనకై సంఘమును ఇక్కడనే స్థాపించినారు. దాని ప్రక్కనే 1835లో నల్లజాతి పిల్లలకొఱకు తెరచిన ఏబియల్ స్మిత్ పాఠశాల. ఈ రెండు భవనములును నేడు ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియములో భాగములు. బంగారు చట్రముల చిత్రములు లేవు, పాలరాతి విగ్రహములు లేవు. ఒక ప్రార్థనాస్థలము, ఒక బడి. అంతే.

ఆ బడి కథ ప్రతి ఉపాధ్యాయుడును తెలిసికొనదగినది. సారా రాబర్ట్స్ అను ఐదేండ్ల బాలిక ఇంటినుండి ఆ బడికి పోవుటకు తెల్లపిల్లల బడులు ఐదింటిని దాటి నడవవలసి వచ్చినది. ఆమె తండ్రి బెంజమిన్ రాబర్ట్స్ నగరముపై వ్యాజ్యము వేసినాడు. చార్ల్స్ సమ్నర్ అను ప్రసిద్ధుడును, రాబర్ట్ మారిస్ అను నల్లజాతి న్యాయవాదియు ఆ బాలిక పక్షమున వాదించినారు. 1849లో వాదనలు జరిగిన ఆ వ్యాజ్యము ఓడిపోయినది. వేఱు బడులుంచుట తప్పుకాదని ఆ న్యాయస్థానము చెప్పిన మాటను 1896లో దేశపు అత్యున్నత న్యాయస్థానము తనకు ఆధారముగా చూపుకొన్నది. అయినను ఆ ప్రజలు ఊరకొనలేదు. 1855లో మసాచుసెట్స్ రాష్ట్రము జాతినిబట్టి పిల్లలను బడులలో వేఱుచేయుటను నిషేధించు శాసనము చేసినది. దేశమంతటికి అట్టి తీర్పు రావలెనన్న 1954 వఱకు ఆగవలసివచ్చినది.

ఇంత పాతకాలపు పాపములను త్రవ్వి చూపుటవలన ప్రయోజనమేమని కొందఱడుగుదురు. మ్యూజియము దేశాభిమానమును పెంచవలెను గాని సిగ్గును పెంచవలెనా యని వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో కొంత న్యాయము లేకపోలేదు. తనవారిపై గౌరవము లేని పిల్లవాడు ఎవరిపైనను గౌరవము నేర్వలేడు. అయితే కప్పిపుచ్చిన గాయము మానదనుటకు ఆ నగరమే సాక్షి. 1855లో శాసనము చేసిన రాష్ట్రపు ముఖ్యపట్టణములో 1974లో, బడులలో నల్లపిల్లలను తెల్లపిల్లలను కలుపవలెనని న్యాయస్థానము ఆజ్ఞాపించినపుడు, పిల్లలు ఎక్కిన బస్సులపై పెద్దలు రాళ్లు రువ్వినారు. స్వాతంత్ర్యపు ఊయలను చూచి పొంగిపోయినవారికి జాయ్ వీధి బడి గుర్తు లేకపోయినది. సారా నడచిన దూరమును లెక్కగట్టి చూపుటలో దేశద్రోహము లేదు. ఆమె తండ్రియు ఆ దేశమువాడే. అతడు పోరాడినదియు స్వాతంత్ర్యమునకే.

ఇక కళామందిరములు. నగరమందలి లలితకళల మ్యూజియము 1870లో స్థాపితమై, 1876లో ప్రజలకు తెరువబడి, 1909లో నేటి భవనమునకు మారినది. ఒక దినములో దానిని చూడబూనుట మహాభారతమును ఒక పూటలో చదువబూనుటవంటిది. మూడు తావులు ఎన్నుకొన్న చాలును.

మొదటిది రివియర్ 1768లో చేసిన వెండిగిన్నె. ఇంగ్లండు విధించిన పన్నులను నిరసించుచు వ్రాసిన లేఖను ఉపసంహరించుకొనుటకు నిరాకరించిన తొంబదిరెండుగురు శాసనసభ్యుల గౌరవార్థము చేయించినది. దానిని 1949లో మ్యూజియము కొన్నపుడు బోస్టన్ బడిపిల్లలును తమ చేతనైన చందాలిచ్చినారు. ‘ఇది ఎవరిది?’ అన్న ప్రశ్నకు, మా తాతలు బడిలో పైసలిచ్చి కొన్నదని అక్కడి పిల్లలు చెప్పుకొనగలరు. అదే మ్యూజియములో ఆ సంవత్సరముననే కాప్లీ చిత్రించిన రివియర్ చిత్రమును కలదు. గుఱ్ఱము లేదు, కత్తి లేదు. పనిబట్టలతో, చేత వెండి టీపాత్ర పట్టుకొని, గడ్డము క్రింద చేయి మోపి ఆలోచించుచున్న పనివాడు. గేయములోని రివియర్‌కు ఈ రివియర్ సమాధానము.

రెండవది భారతీయ కళావిభాగము. సింహళములో పుట్టిన ఆనంద కుమారస్వామి 1917లో అక్కడ భారతీయ కళాసంపదకు సంరక్షకుడై, 1947లో మరణించువఱకు ఆ మ్యూజియమునే ఆశ్రయించుకొని ప్రపంచమునకు మన శిల్పచిత్రముల అర్థమును విప్పి చెప్పినాడు. అదే 1917లో, నది కావలియొడ్డున నున్న హార్వర్డు విశ్వవిద్యాలయపు ముద్రణశాలనుండి నందికేశ్వరుని ‘అభినయ దర్పణము’నకు ఆంగ్లానువాదము వెలువడినది. అనువాదకులిద్దఱు: ఒకరు కుమారస్వామి, రెండవవారు మన ‘ఆంధ్రరత్న’ దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. చీరాల పేరాల సత్యాగ్రహ నాయకునిగా మాత్రమే ఆయనను ఎఱిగిన మన విద్యార్థులకు ఈ సంగతి తెలియజేయవలెను. మ్యూజియమును గుఱించి కుమారస్వామి చెప్పిన సిద్ధాంతము అతి సరళమైనది. మ్యూజియములో నున్న ప్రాచీన వస్తువులేవియు మ్యూజియము కొఱకు చేసినవి కావు. పూజకో, వంటకో, ధరించుటకో చేసినవి. ఆ ఉపయోగమును తెలిసికొనక అందమును మాత్రము చూచుట సగము చూపు. ‘కళాఖండములను ప్రదర్శించుట ఎందుకు?’ అని 1943లో వెలువడిన తన గ్రంథమునకు ఆయన పెట్టిన పేరే ప్రశ్నారూపమైనది. మ్యూజియములో జీతము పుచ్చుకొనుచు మ్యూజియమునే ప్రశ్నించిన ఆ ధైర్యము మనకు ఆదర్శము.

మూడవది ఒక కుమ్మరి కథ. కుమ్మరి మొల్ల పేరు విన్న మన చెవులకు అది మరింత ఇంపుగా తోచును. డేవిడ్ డ్రేక్ అనువాడు దక్షిణ కెరొలినాలో బానిస. పెద్దపెద్ద జాడీలు చేసెడివాడు. బానిసలకు చదువు చెప్పరాదని ఆ రాష్ట్రము 1834లో శాసనము చేయగా, అతడు పచ్చిమట్టిపై తన పేరు వ్రాసి, కొన్నిటిపై రెండేసి పంక్తుల పద్యములును చెక్కి కాల్చినాడు. మట్టిపై వ్రాసినది ఎవరును చెరుపలేకపోయినారు. అట్టి జాడీలు రెండు, 1857నాటివి, బోస్టన్ మ్యూజియమునకు చేరినవి. అవి చేసినవానికి వాటిపై ఏ హక్కును ఆనాడు లేదు. 2025లో మ్యూజియము ఆ రెండింటిపై హక్కును అతని వంశీకులకు అప్పగించి, పద్యమున్న జాడీని వారివద్ద మరల వెలయిచ్చి కొన్నది. ‘ఇక్కడికి ఎట్లు వచ్చినది?’ అను ప్రశ్నకు ఇది నిజాయితీ గల సమాధానము. చాల మ్యూజియములు ఈ ప్రశ్న వినబడనట్లు నటించును.

ఈ మ్యూజియమునకు కూతవేటు దూరములోనే ఇసబెల్లా స్ట్యూవర్ట్ గార్డ్‌నర్ అను సంపన్న స్త్రీ 1903లో తెరచిన మ్యూజియమున్నది. వెనిస్ నగరపు మేడల పోలికతో కట్టించి, నడుమ పూలతోట పెంచి, ప్రతి వస్తువును తన చేతితో అమర్చినది. తాను పోయిన తరువాత ఆ అమరిక మార్చరాదని వీలునామా వ్రాసినది. 1990 మార్చి 18వ తేదీ తెల్లవాఱుజామున పోలీసు వేషములలో ఇద్దఱు దొంగలు వచ్చి వెర్మీర్, రెంబ్రాంట్ మొదలగు మహాచిత్రకారుల కృతులతో సహా పదమూడు వస్తువులను అపహరించినారు. ఇంతవఱకు ఒక్కటియు దొరకలేదు. ఆ చిత్రముల చట్రములు కొన్ని ఖాళీగా గోడలపై వ్రేలాడుచున్నవి. చచ్చినవారి ఆజ్ఞకు బ్రతికినవారు ఇంతగా కట్టుబడియుండుట నాకు సమ్మతము కాదు. ఏ తరమువారైనను తమ కన్నులతో చూచి అమర్చుకొను స్వేచ్ఛ కలిగియుండవలెను. కాని ఆ ఖాళీ చట్రములను మాత్రము తీయరాదందును. పోయినదానిని పోయినదని చూపుటకంటె గొప్ప పాఠము లేదు. శ్రీనాథుని ‘మరుత్తరాట్చరిత్ర’ మనకు దక్కలేదు. ‘శాలివాహన సప్తశతి’ దక్కలేదు. సాహిత్య చరిత్ర చెప్పునపుడు మనము దొరికినవాటినే వరుసగా చెప్పి, ఇంతే సాహిత్యమన్నట్లు ముగింతుము. మన పాఠములలోను అట్టి ఖాళీ చట్రము ఒకటి వ్రేలాడవలెను.

విజ్ఞానశాస్త్రము బోధించువారు నది దాటి కేంబ్రిడ్జిలోని హార్వర్డు ప్రకృతి చరిత్ర మ్యూజియమునకు పోవలెను. లియోపోల్డ్, రుడాల్ఫ్ బ్లాష్కా అను తండ్రికొడుకులు జర్మనీలో కూర్చుండి 1880 దశకమునుండి 1936 వఱకు గాజుతో నాలుగువేలకు పైగా మొక్కల, పూల, వాటి అవయవముల నమూనాలు చేసినారు. ఎండిన పూవు రంగు చెడును, మైనపు పూవు కరగును, కావున వృక్షశాస్త్ర విద్యార్థులకొఱకు ఇవి చేయించినారు. అలంకారమునకై గాక పాఠమునకై పుట్టిన ఆ పూవులను చూచి మన వృత్తిపై మనకు గౌరవము పెరుగును.

ఇన్ని చెప్పినను, బోస్టన్ పోవు అవకాశము మన ఉపాధ్యాయులలో నూటికి ఒక్కరికైనను రాదు. వచ్చినవారికి నేను చెప్పునది ఇంతే: దినమునకు ఒక మ్యూజియము, మ్యూజియములో రెండు గంటలు, ఆ రెండు గంటలలో అయిదు వస్తువులు. ప్రతి వస్తువు నెదుటను ఆ మూడు ప్రశ్నలు. ఫొటో తీయుటకు ముందు కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసికొనుట.

పోలేనివారికి నష్టమేమియు లేదు. ఆ ప్రశ్నలకు నౌకతో పనిలేదు, విమానముతో పనిలేదు. విహారయాత్రకు పిల్లలను అమరావతికో, నాగార్జునకొండకో, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమునకో తీసికొనిపోవు ఉపాధ్యాయులు అక్కడ ఆ ప్రశ్నలనే వేయింపవచ్చును. అమరావతి శిల్పములు మద్రాసునకును లండనునకును ఎట్లు పోయినవి? వాటిని చెక్కినవారి పేర్లు ఎన్ని తెలియును? శిల్పములో రాజు ప్రక్కన నిలిచిన చామరధారిణి ఎవరు? సమాధానములు తెలియకపోయినను బాధ లేదు. ప్రశ్న పుట్టిన పిల్లవాడు మరల వచ్చును. యాత్ర సాధ్యము కాని బడిలో ప్రతి విద్యార్థియు ఇంటినుండి ఒక పాత వస్తువును, అమ్మమ్మ వాడిన తిరుగలి యైనను, తాతగారి కలము పాళీ యైనను, తెచ్చి దానిని గుఱించి ఆ మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాయవచ్చును. ఒక శనివారము మధ్యాహ్నము ఒక గదిలో ఆ వస్తువులను బల్లలపై వరుసగా పేర్చి, పిల్లలు వ్రాసిన చీటీలను ప్రక్కన ఉంచి, తక్కిన తరగతులవారిని పిలిచి చూపవలెను. ఆ ప్రయత్నమునకు డబ్బు అక్కఱలేదు. ఈ సంవత్సరమే, ఏ పల్లెటూరి బడిలోనైనను, ఆరంభింపవచ్చును.